తెర వెనక గీసిన గ్రాఫు

"మీ గ్రాఫులు చూస్తుంటే కళ్లు లాగేస్తున్నాయండీ" అన్నాడు ఫోన్‌లో అవతలి మనిషి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మా సాఫ్ట్‌వేర్ ముందు కూర్చునే ఆపరేటర్ ఆయన. మెషిన్ల టెంపరేచర్, ప్రెషర్ రీడింగులు అందులో చిన్న చిన్న గ్రాఫులుగా నడుస్తుంటాయి. ఒక్కోటి 200 పిక్సెళ్ల వెడల్పు, 60 ఎత్తు. సెకనుకి 5 రీడింగులు వస్తాయి, వచ్చిన ప్రతిసారీ గ్రాఫు మొత్తం మళ్లీ గీసేవాళ్లం. నేను రెండు గ్రాఫులు పెట్టుకుని టెస్ట్ చేశాను కాబట్టి నాకేమీ తెలియలేదు. ఆయన దగ్గర పన్నెండున్నాయి. పోబోయే ట్యూబ్‌లైటులా అన్నీ కొట్టుకుంటున్నాయట.

అది సీ ప్లస్ ప్లస్‌లో, నేరుగా విండోస్ ఏపీఐ (ప్రోగ్రాముల కోసం విండోస్ ఇచ్చే ఫంక్షన్లు) మీద రాసిన పాత ప్రోగ్రామ్. నా దగ్గరికొచ్చేసరికే ఇద్దరి చేతులు మారింది. గీసే పద్ధతి చాలా అమాయకంగా ఉంది. గీయడం మొదలుపెట్టే బిగిన్‌పెయింట్ ఫంక్షన్ పిలవగానే విండోస్ ముందు బ్యాక్‌గ్రౌండ్ తెల్లగా తుడుస్తుంది. తర్వాత మనం గళ్లు గీస్తాం, వాటి మీద గీత, ఆ పైన అంకెలు. ఇదంతా నేరుగా విండో మీదే. చూసేవాడికి మధ్యలోని సగం సగం బొమ్మలు కూడా కనపడతాయి. పలక తుడిచి మళ్లీ రాసేవాడి ఎదురుగా కూర్చున్నట్టే, అదీ సెకనుకి ఐదుసార్లు.

మందు అందరికీ తెలిసిందే. కనపడని బిట్‌మ్యాప్, అంటే మెమరీలో ఉండే పిక్సెళ్ల బొమ్మ, ఒకటి తీసుకుని, గీయాల్సిందంతా దాని మీద గీసి, పూర్తయ్యాక ఒక్క బిట్‌బ్లిట్‌తో (పిక్సెళ్లని ఒకచోటి నుంచి ఇంకోచోటికి కాపీ చేసే ఫంక్షన్) విండో మీదికి దించడం. క్రియేట్‌కంపాటిబుల్‌డీసీతో మెమరీ డీసీ (డీసీ అంటే డివైస్ కాంటెక్స్ట్, గీయడానికి విండోస్ ఇచ్చే పలక లాంటిది), క్రియేట్‌కంపాటిబుల్‌బిట్‌మ్యాప్‌తో బిట్‌మ్యాప్, సెలెక్ట్‌ఆబ్జెక్ట్‌తో దీన్ని దాంట్లో పెట్టడం. పది లైన్లు. గంటలో అయిపోతుందనుకున్నాను.

రన్ చేస్తే గ్రాఫు వచ్చింది గానీ రంగుల్లేవు. ఎర్ర గీత, ఆకుపచ్చ గీత, బూడిద రంగు గళ్లు, అన్నీ పోయి నలుపూ తెలుపే మిగిలాయి. పెన్నులు చూశాను, రంగుల విలువలు చూశాను, అన్నీ సరిగానే ఉన్నాయి. మా టీమ్‌లో పెద్దాయన వెనక నుంచి వెళ్తూ ఆగాడు.

"ఏమయ్యా, బిట్‌మ్యాప్ ఎవర్ని అడిగావు? విండో డీసీనా, మెమరీ డీసీనా?"

"మెమరీ డీసీనే సార్. గీసేది దాని మీదే కదా."

"దాని దగ్గర ఏముందని ఇస్తుంది?" అని నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

నిజమే. కొత్తగా పుట్టిన మెమరీ డీసీలో ఉండేది ఒక్క పిక్సెల్ వెడల్పు, ఒక్క పిక్సెల్ ఎత్తు ఉన్న నలుపు తెలుపు బిట్‌మ్యాప్. దానికి సరిపోయేది ఇవ్వమని అడిగితే అదీ నలుపు తెలుపే ఇస్తుంది. రంగులు కావాలంటే విండో డీసీని అడగాలి. ఈ తప్పు చేయకుండా జీడీఐ (విండోస్‌లో బొమ్మలు గీసే భాగం) నేర్చుకున్నవాళ్లు ఉన్నారంటే నేను నమ్మను.

రంగులొచ్చాయి, ఆ కొట్టుకోవడం (ఫ్లికర్) మాత్రం తగ్గిందే తప్ప పోలేదు. కారణం, బిట్‌మ్యాప్ దించేలోపు ఆ బ్యాక్‌గ్రౌండ్ తుడవడం ఇంకా జరుగుతూనే ఉంది. తుడిచే ముందు విండోస్ పంపే ఎరేజ్ బ్యాక్‌గ్రౌండ్ మెసేజ్‌కి "నేను చూసుకున్నాను" అన్నట్టు 1 తిరిగి ఇస్తే గానీ బొమ్మ నిలబడలేదు. విస్టా నుంచి విండోస్ తనే ప్రతి విండోనీ తెర వెనక దాచుకుని కలుపుతుంది కదా, ఇంకా ఈ గొడవేంటి అని అడిగేవాళ్లున్నారు. ఆ దాచుకున్నదాంట్లోకి మనం సగం బొమ్మ గీసి ఉంటే, అది ఆ సగాన్నే చూపిస్తుంది మరి.

కొత్త వెర్షన్ పంపాను. ఆయన సంతోషించాడు. వారం తర్వాత ఇంకోచోటి నుంచి ఫోన్: "పదిహేను ఇరవై నిమిషాలకి స్క్రీన్ పిచ్చిపిచ్చిగా అయిపోతోంది." మెనూల్లో ఐకాన్లు మాయం, బటన్ల మీద అక్షరాలు లేవు, కొన్ని గ్రాఫులు ఖాళీ. మూసి తెరిస్తే బాగానే ఉంటుంది, మళ్లీ అదే సమయానికి అదే గోల. నా దగ్గర రోజంతా నడిపినా రాదు. అప్పుడు పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు. మెమరీ కాలమ్ చూస్తే ఏమీ అర్థం కాలేదు.

టాస్క్ మేనేజర్ డీటెయిల్స్ ట్యాబ్‌లో, కాలమ్ పేర్ల మీద రైట్ క్లిక్ చేస్తే 'జీడీఐ ఆబ్జెక్ట్స్' అని ఇంకో కాలమ్ పెట్టుకోవచ్చు. వాళ్లచేత అది పెట్టించి, ఫోన్‌లో చదవమన్నాను. "రెండు వేల మూడొందలు... రెండు వేల నాలుగొందలు... ఆగట్లేదండీ."

మామూలుగా ఒక ప్రాసెస్‌కి, అంటే నడుస్తున్న ప్రోగ్రామ్‌కి, విండోస్ ఇచ్చే జీడీఐ హ్యాండిళ్లు (పెన్ను, ఫాంట్, బిట్‌మ్యాప్ లాంటివాటికి ఇచ్చే గుర్తింపు అంకెలు) 10,000. అవి అయిపోతే గ్రాఫుకే కాదు, ఆ ప్రోగ్రామ్‌లో ఎవరికీ పెన్ను దొరకదు, ఫాంట్ దొరకదు. వాళ్ల దగ్గర ఒక సెన్సర్ తీసేసి ఉంది. డేటా లేకపోతే ఖాళీ బొమ్మ దించేసి వెంటనే రిటర్న్ అయిపొమ్మని రాశాను. బిట్‌మ్యాప్‌నీ డీసీనీ తిరిగి ఇచ్చేసే డిలీట్‌ఆబ్జెక్ట్, డిలీట్‌డీసీ ఆ రిటర్న్ కింద ఉన్నాయి. అంటే ఆ ఒక్క గ్రాఫూ గీసినప్పుడల్లా ఒక బిట్‌మ్యాప్, ఒక డీసీ, రెండు హ్యాండిళ్లు తిరిగి ఇవ్వకుండా వదిలేస్తోంది. సెకనుకి 10. పది వేలకి 1,000 సెకన్లు, పదహారు నిమిషాల నలభై సెకన్లు. నా దగ్గర సెన్సర్లన్నీ పనిచేస్తున్నాయి కాబట్టి కోడ్ ఎప్పుడూ ఆ దారిలోకి వెళ్లలేదు.

అసలు ప్రతి పెయింట్‌కీ బిట్‌మ్యాప్ పుట్టించి చంపడమే తెలివితక్కువ పని. విండో సైజు మారినప్పుడు మాత్రమే కొత్తది చేసి, మిగతా సమయమంతా ఉన్నదాన్నే వాడేలా మార్చాను. మొత్తాన్నీ ఒక చిన్న క్లాసులో పెట్టి, పాత బిట్‌మ్యాప్‌ని డీసీలోకి తిరిగి పెట్టడం, కొత్తదాన్ని చంపడం డిస్ట్రక్టర్‌కి (ఆబ్జెక్ట్ పోయేటప్పుడు దానంతటదే నడిచే ఫంక్షన్) అప్పగించాను. మినిమైజ్ చేస్తే సైజు సున్నా అని వస్తుంది, అప్పుడు ఉన్నదాన్ని ముట్టుకోకూడదు.

బిట్‌మ్యాప్ ఎప్పుడూ చేతిలో ఉంటే ఇంకో లాభం ఉంది. గ్రాఫు మొత్తం మళ్లీ గీయక్కర్లేదు. బిట్‌మ్యాప్‌ని దాని మీదికే ఒక పిక్సెల్ ఎడమకి బిట్‌బ్లిట్ చేసి, కుడి అంచున ఖాళీ అయిన ఆ ఒక్క పట్టీని తుడిచి కొత్త ముక్క గీస్తే చాలు. మూలమూ గమ్యమూ ఒకదాని మీద ఒకటి పడినా బిట్‌బ్లిట్ తడబడదు. 1975లో జిరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రం 'పార్క్'లో ఆల్టో కంప్యూటర్ మీద పుట్టిన ఆలోచన ఇది, ఇప్పటికీ దీనంత ముచ్చటైన పని నాకు గ్రాఫిక్స్‌లో కనపడలేదు. మొదటిసారి మాత్రం మూలనున్న రీడింగ్ అంకె కూడా గీతతోపాటు ఎడమకి జరుగుతూ, తోక చుక్కలా మసి పూసుకుంటూ పోయింది. అంకెలకి రెండో బిట్‌మ్యాప్ పెట్టాల్సి వచ్చింది: మొదటిదాన్ని అందులోకి కాపీ చేసి, పైన అంకె రాసి, అప్పుడు తెర మీదికి.

చివరికి మిగిలింది రిమోట్ డెస్క్‌టాప్. ఇంటి నుంచి చూసే ఒక మేనేజర్‌గారికి అంతా నత్తనడకగా ఉందట. పాత తరహా రిమోట్ డెస్క్‌టాప్‌లో నేరుగా గీస్తే "ఇక్కణ్ణుంచి ఇక్కడికి గీత" అని చిన్న ఆదేశం నెట్‌వర్క్ మీద పోతుంది. బిట్‌మ్యాప్ దించితే పిక్సెళ్లే మోసుకెళ్లాలి. అందుకని గెట్‌సిస్టమ్‌మెట్రిక్స్ అనే ఫంక్షన్‌ని అడిగి, అది రిమోట్ సెషన్ అని తేలితే పాత పద్ధతిలోనే నేరుగా విండో మీద గీయిస్తున్నాను. అక్కడ గ్రాఫు కాస్త కొట్టుకుంటుంది. ఆయన ఇంతవరకూ ఏమీ అనలేదు.