మేడగదిలో సెస్నా

ఇంట్లో కంప్యూటర్ మీద ఎంతసేపు ఎగిరినా పైలట్ లాగ్‌బుక్కులో ఒక్క నిమిషం కూడా జమ కాదు. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్‌కు (బయట ఏమీ కనిపించకపోయినా మీటర్లు చూసి నడిపే అర్హతకు) కావలసిన 40 గంటల్లో 20 దాకా సిమ్యులేటర్ మీద చేయవచ్చు గానీ, అది విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆమోదించిన యంత్రమై ఉండాలి. ఇది తెలిసే శ్రీకాకుళంలో మా మేడగదిలో ఎక్స్‌ప్లేన్ అనే సిమ్యులేటర్ ప్రోగ్రాము పెట్టుకున్నాను. పైలట్ పరీక్షలకు చదువుతూ ఫ్లయింగ్ స్కూలులో చేరడానికి ఎదురుచూస్తున్న రోజులవి. రడ్డర్ పెడల్స్ పెట్టె విప్పితే అమ్మ కుట్టుమిషను అనుకుంది.

నావిగేషన్‌లో వీఓఆర్ (నేల మీది రేడియో స్టేషన్‌ను బట్టి దారి తెలుసుకునే పద్ధతి) పాఠం ఎంత చదివినా బుర్రకెక్కేది కాదు. స్టేషన్ నుంచి నలుదిక్కులా డిగ్రీకొకటి చొప్పున 360 ఊహాగీతలు, అంటే రేడియల్స్ ఉంటాయి. విమానం ముక్కు ఎటున్నా, మనం ఏ రేడియల్ మీద ఉన్నామన్నదే వీఓఆర్ మీటరులోని సూది చెబుతుంది. తెర మీద సెస్నా 172 అనే చిన్న విమానాన్ని విశాఖలో లేపి, తీరం వెంబడి ఈశాన్యంగా పోయి, నాగావళి సముద్రంలో కలిసేచోట పాజ్ నొక్కాను. రేడియల్ అంకెను ఎంచుకునే ఓబీఎస్ మీట తిప్పుతూ పోతే సూది నెమ్మదిగా మధ్యకొచ్చింది, ‘ఫ్రమ్’ అని జెండా పడింది. మ్యాపులో స్టేషన్ నుంచి గీత గీస్తే అదే అంకె! పాజ్ తీసి విమానాన్ని అక్కడే ఒక చుట్టు తిప్పాను. ముక్కు అన్ని దిక్కులూ చూసింది, సూది మాత్రం దాదాపు కదల్లేదు. అసలు విమానంలో ఆకాశాన్ని ఆపి ఆలోచించుకోలేం. పైగా గంటల లెక్కన డబ్బు కరిగిపోతుంటుంది.

చెక్‌లిస్టులూ అలాగే నోటికొచ్చాయి.

స్కూలులో మొదటి వారమే ఇన్‌స్ట్రక్టర్ మీటర్ల మీద అట్టముక్క పెట్టేశారు. సిమ్యులేటర్ నుంచి వచ్చిన వాళ్లు బయటికి చూడరట. నిజమే, తెర మీద చూడ్డానికి బయట ఏముంది? పైకెక్కేటప్పుడు ఇంజను జోరుకు ముక్కు ఎడమకు లాగేస్తుంది. కుడి పెడల్ ఎంత తొక్కాలో కూర్చున్న సీటే చెబుతుంది. నా పెడల్స్‌లో ఉన్నది స్ప్రింగు ఒక్కటే. ఇక ఫ్లేర్ (నేల తాకేముందు ముక్కు కాస్త పైకెత్తడం) సంగతి సరేసరి. నేల ఎంత దగ్గరికొచ్చిందో కంటిచివర పట్టాలి, చదునైన తెర ఆ లోతు చూపించదు.

ఇన్‌స్ట్రుమెంట్ ఫ్లయింగ్‌కు వచ్చాక కథ తిరగబడింది. నెత్తిన హుడ్ పెట్టి బయటిదేదీ కనిపించకుండా చేస్తే సూదులే దిక్కు. దిగే వంతు వచ్చేదాకా ఒకేచోట చుట్లు కొట్టే హోల్డింగ్‌లో ఏ వైపు నుంచి ప్రవేశించాలి, కుడికి ఎప్పుడు తిరగాలి, గాలి తోపుకు ఎంత సర్దుకోవాలి అన్నవి నాకు కొత్తగా అనిపించలేదు. ఇప్పటికీ సెలవులకు ఇంటికెళ్తే అడ్డగాలి పెంచుకుని మరీ హోల్డింగ్ సాధన చేస్తాను. ల్యాండింగ్ జోలికి మాత్రం పోను.