లాక్ ఎటు పోయింది?

"అన్నా, ఫైల్ మీద లాక్ తీసుకున్నాం కదా, మరి రెండో ప్రాసెస్ లోపలికి ఎలా దూరింది?" మాదాపూర్ ఆఫీసులో లంచ్ కూడా మానేసి మా టీమ్‌లోని కొత్త అబ్బాయి అడిగిన ప్రశ్న. ఒక ప్రాసెస్, అంటే నడుస్తున్న ప్రోగ్రామ్, ఫైల్ వాడుతున్నప్పుడు ఇంకోటి దూరకుండా వేసుకునే గొళ్లెమే ఈ లాక్.

ప్రోగ్రామ్ ఆపరేటింగ్ సిస్టమ్‌ని ఏమేం అడుగుతోందో చూపించే ఎస్‌ట్రేస్ పెట్టి చూశాం. ఎఫ్‌సీఎన్‌టీఎల్ అనే సిస్టమ్ కాల్‌తో లాక్ పడింది. వెంటనే మేం వాడే ఓ లైబ్రరీ, ఫైల్ మొదట్లో ఉండే హెడర్‌ని చదవడానికి అదే ఫైల్‌ని మళ్లీ ఓపెన్ చేసి, క్లోజ్ చేసింది. అంతే, లాక్ పోయింది. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు.

యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ప్రమాణమైన పోసిక్స్ రూలే అంత. ప్రాసెస్ ఆ ఫైల్‌కున్న ఏ డిస్క్రిప్టర్‌ని (ఓపెన్ చేసినప్పుడల్లా వచ్చే నంబర్‌ని) మూసినా, ఆ ఫైల్ మీద దానికున్న లాకులన్నీ ఊడిపోతాయి. ఎన్నిసార్లు చదివినా నాకిది అన్యాయంగానే అనిపిస్తుంది. లైబ్రరీ లోపల ఏం తెరుస్తుందో, ఏం మూస్తుందో మనకేం తెలుసు? ఎస్‌క్యూలైట్ డేటాబేస్ అంతటిదే ఈ గొడవ వల్ల లాకులు తీరేదాకా క్లోజ్ చేయడం వాయిదా వేసుకుంటుంది.

2014లో లినక్స్ 3.15తో ఓఎఫ్‌డీ (ఓపెన్ ఫైల్ డిస్క్రిప్షన్) లాకులు వచ్చాయి. అవి ప్రాసెస్‌కి కాదు, మనం చేసిన ఆ ఒక్క ఓపెన్‌కి కట్టుబడి ఉంటాయి. సాయంత్రానికి వాటికి మార్చేశాం. కొత్త అబ్బాయే టెస్ట్ కూడా రాశాడు, చాలా బాగా రాశాడు.

మిగతా సర్వీసుల్లో పాత లాకులు ఎక్కడెక్కడ ఉన్నాయో రేపు వెతకాలి.