రాడ్డు పాడవలేదమ్మా, వోల్టేజీ తక్కువ

బొబ్బిలి దగ్గర మా ఊర్లో చలికాలం పొద్దున్నే అమ్మ గొడవ, "ఏటిరా ఇది, నీళ్లు కాగట్లేదు, కొత్త రాడ్డు కొను" అని, సరే కొనేముందు ఒకసారి లెక్క చూద్దామని మామయ్య దగ్గర క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ తగిలించి కరెంటు కొలిచేది) తెచ్చాను. ఒక్క వైరుకే క్లాంప్ తగిలించాలి, రెండూ కలిపి పెడితే సున్నా చూపిస్తుంది, ఇది చాలామందికి తెలీదు.

రీడింగ్ చూస్తే 180 వోల్టులు, 3.4 ఆంపియర్లు. వోల్టేజీని కరెంటుతో భాగిస్తే రెసిస్టెన్స్ (కరెంటుకి రాడ్డు పెట్టే అడ్డు), అంటే దాదాపు 53 ఓములు. రెండిటినీ గుణిస్తే పవర్, 612 వాట్లు. రాడ్డు మీద మాత్రం 1000 వాట్లు, 230 వోల్టులు అని ఉంది, మరి దాని రెసిస్టెన్స్ అసలు ఎంతుండాలో చూడ్డానికి 230ని 230తో గుణించి 1000తో భాగించండి, 52.9 ఓములే వస్తుంది! అంటే రాడ్డు శుభ్రంగా ఉంది, మా లైన్లో వోల్టేజీయే పడిపోయింది.

వోల్టేజీ తగ్గింది ఐదో వంతే కదా, పవర్ దాదాపు 40 శాతం ఎందుకు పోయింది అంటే, వోల్టేజీ తగ్గితే కరెంటు కూడా దాంతోపాటే తగ్గుతుంది, దెబ్బ రెండుసార్లు పడుతుంది అన్నమాట, నాకు ఇదే భలే నచ్చింది. 20 లీటర్ల బకెట్ 20 డిగ్రీలు వేడెక్కడానికి 1000 వాట్లయితే అరగంటలోపే, 612 అయితే ముప్పావు గంట.

పాత ఫిలమెంట్ బల్బుకి మాత్రం చల్లగా ఉన్నప్పుడు ఓములు కొలిచి ఈ లెక్క వేయకండి, వెలిగాక దాని రెసిస్టెన్స్ పది రెట్లు దాటిపోతుంది.

అమ్మకి ఇదంతా చెప్తే "అయితే ముందే పెట్టుకోవాలి" అంది, ఇప్పుడు ఐదింటికే రాడ్డు పెడుతోంది.