కీపర్‌దే తప్పట

సాయంత్రం నుంచి ఒకటే చిరాకు. నిద్ర పట్టట్లేదు, అందుకే రాస్తున్నా.

చిన్నాడి టీమ్ ఇవాళ ఒక్క గోల్ తేడాతో ఓడిపోయింది. ఓడితే ఓడారు. చివరి గోల్ వాడి వేళ్ళకి తగిలి లోపలికి పోయింది. నా వెనక ఒక పెద్దమనిషి, వాళ్ళబ్బాయి ఫార్వర్డ్, "ముందు ఆ కీపర్‌ని మార్చండయ్యా" అని గ్రౌండంతా వినపడేలా అరిచాడు. ఆ బంతి కీపర్ దాకా వచ్చిందంటే డిఫెండర్లందరూ వదిలేస్తేనే కదా! వాళ్ళబ్బాయి గోల్ ఎదురుగా నిలబడి బంతిని ఆకాశానికి తన్నాడు, అది మాత్రం ఎవరికీ గుర్తులేదు. కోచ్ గారు కూడా ఒక్క మాట అడ్డం చెప్పలేదు. పటమట వచ్చేదాకా బండి వెనక వీడు నోరు విప్పలేదు. షూ లేసులు లాగుతూ "రేపట్నుంచి వెళ్ళనమ్మా" అన్నాడు. మానెయ్ నాన్నా అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

అన్నయ్యకి ఫోన్ చేసి చెప్తే, "జోఫ్‌లాగే చేయిస్తున్నావన్నమాట" అన్నాడు.

2000 జూలై 2, యూరో కప్ ఫైనల్. రాటర్‌డామ్‌లో ఇటలీ, ఫ్రాన్స్. మనకి మొదలయ్యేసరికే రాత్రి పదకొండున్నర. సత్యనారాయణపురం ఇంట్లో నాన్న లేస్తారని టీవీ సౌండ్ బాగా తగ్గించి, ఇద్దరం తెరకి అతుక్కుని కూర్చున్నాం. ఒకప్పటి గోల్‌కీపర్, అప్పటి ఇటలీ కోచ్ డీనో జోఫ్ అంటే కాలేజీ టీమ్ కీపరైన మా అన్నయ్యకి దేవుడు. డెల్వెక్కియో గోల్ కొట్టగానే అరుపు బయటికి రాకుండా దిండు నోటికి నొక్కుకున్నాడు. ఇక కప్పు వచ్చినట్టే అనుకున్నాం. ఇంజ్యూరీ టైమ్‌లో విల్టోర్ సమం చేశాడు. ఎక్స్‌ట్రా టైమ్‌లో ఫ్రాన్స్ తరఫున త్రెజెగే గోల్డెన్ గోల్. ముందు కొట్టినవాళ్ళదే గెలుపు కదా, ఆట అక్కడితో ఖతం. అన్నయ్య టీవీ కట్టెయ్యనివ్వలేదు, ప్రకటనలు వస్తున్నా చూస్తూ కూర్చున్నాడు.

ఫ్రాన్స్ ఆటగాడు జిదాన్‌ని కాపు కాయించలేదని ఇటలీ రాజకీయ నాయకుడు బెర్లుస్కోనీ బహిరంగంగా తిట్టిపోశాడు. జోఫ్ రెండు రోజులకే రాజీనామా ఇచ్చేశాడు. టీమ్‌ని ఫైనల్ దాకా తెచ్చిన మనిషి! అంతకుముందు 1990లో కూడా, కోచ్‌గా యువెంటస్ క్లబ్‌కి యూయెఫా కప్పు, ఇటలీ కప్పు ఒకే సీజన్లో తెచ్చిపెట్టినా, ఆయన్ని పంపించేసి ఇంకొకర్ని తెచ్చుకున్నారు. అందుకే రాజీనామా చేసి మంచి పని చేశాడని ఇన్నేళ్ళూ వాదిస్తూ వచ్చాను.

కానీ ఇందాక అన్నయ్య 1978 గుర్తుచేశాడు. ఆ వరల్డ్ కప్‌లో దూరం నుంచి కొట్టిన షాట్లు వదిలేశాడని, ముసలాడైపోయాడని జోఫ్‌ని ఏకిపారేశారు. అయినా గ్లవ్స్ విప్పలేదు. నాలుగేళ్ళ తర్వాత, నలభై ఏళ్ళ వయసులో కెప్టెన్‌గా కప్పెత్తాడు. బ్రెజిల్ మీద 3-2తో గెలిచిన మ్యాచ్‌లో ఆస్కార్ కొట్టిన హెడర్‌ని సరిగ్గా గీత మీద అదిమిపట్టింది ఆయనే. కీపర్‌గా ఎన్ని మాటలైనా పడ్డవాడు కోచ్‌గా ఒక్క మాటకి ఎందుకు వెళ్ళిపోవాలి? ఇంకా ఉండాల్సింది. నాకిప్పుడు అలాగే అనిపిస్తోంది.

జోఫ్‌ని పద్నాలుగేళ్ళప్పుడు పొట్టిగా ఉన్నాడని ఇంటర్, యువెంటస్ క్లబ్బులు రెండూ వద్దన్నాయట. నాయనమ్మ గుడ్లు తినిపించి పొడవు చేసిందట. ఈ సంగతి చెబితే చిన్నాడు గుడ్లు అడుగుతాడు, అత్తయ్యతో అదొక పేచీ.

చెబుతాను. పొద్దున్నే, వాడు బ్రష్ చేసుకుంటున్నప్పుడే. ఆ పెద్దమనిషి మళ్ళీ నోరెత్తితే ఈసారి నేనే మాట్లాడతాను, కోచ్ గారి కోసం చూడను. వీడి గ్లవ్స్ అరచేతి దగ్గర చిరిగిపోయాయి కూడా, ఆదివారం బీసెంట్ రోడ్‌కి వెళ్ళాలి.