మూడో అతుకు దగ్గర నా పాట్లు

నిన్న రాత్రి ఒంటిగంటకు మా యుద్ధం షార్ట్ ఫిల్మ్ మొదటి నుంచి చివరిదాకా ఎక్కడా తెగకుండా నడిచింది. పద్నాలుగు నిమిషాలు, ఒక బంకర్, ఆరుగురు జవాన్లు. చూసేవాళ్లకు ఒకే టేక్, అంటే కెమెరా ఎక్కడా ఆపకుండా తీసినట్టే ఉంటుంది. నిజానికి ఐదు టేకులు, వాటిని కనపడకుండా కలిపిన నాలుగు అతుకులు.

స్క్రిప్టు వారంలో అయిపోయింది. శంషాబాద్ అవతల ఒక పాత క్వారీ దొరికింది. బట్టల విషయంలో 2022 జనవరిలో వచ్చిన ఆర్మీ కొత్త డిజైన్ జోలికి మాత్రం పోకండి, దాని హక్కులు ఆర్మీవి. మేం కల్పిత దళానికి వేరే రంగులో కుట్టించుకున్నాం. డమ్మీ తుపాకుల గురించి పోలీస్ స్టేషన్‌లో ముందే రాసివ్వండి. నన్ను మూడుసార్లు తిప్పారు, ఒక్కసారి కూడా కూర్చోమనలేదు. అయినా షూటింగ్ రోజు ఆ కాగితమే కాపాడింది.

అసలు బాధంతా మూడో అతుకుతోనే. జవాను వీపు కెమెరాకు అడ్డం వచ్చి ఫ్రేమంతా నల్లబడుతుంది. అక్కడ ఆపి, మళ్లీ అదే వీపు నుంచి ఎత్తుకోవాలి. 1948లో హాలీవుడ్ దర్శకుడు హిచ్‌కాక్ ఒకే టేక్‌లా కనిపించేలా 'రోప్' సినిమా తీసినప్పుడు రీలు పది నిమిషాలకే అయిపోయేది, ఆయనా కొన్నిచోట్ల ఇలాగే నటుల వీపుల మీదికి కెమెరా తీసుకెళ్లాడు. తేలికే అనుకున్నాను. మా కెమెరామన్ కూడా "మిగతాది ఎడిట్‌లో చూసుకుందాంలే" అన్నాడు. ఆ మాట అనేవాణ్ణి ఇలాంటి పనికి పెట్టుకోవద్దు, ఎంత స్నేహితుడైనా సరే.

మొదటి రోజు సాయంత్రం నాలుగింటికి ఆపాం. మర్నాడు పొద్దున పదింటికి అందుకున్నాం. సాయంత్రం తూర్పుకు పడిన నీడలు పొద్దున పడమటికి పడ్డాయి. మొదటి రోజు చెమటతో తడిసిన చొక్కా రెండో రోజు పొడిగా ఉంది. గింబల్ (కెమెరా కుదపకుండా ఉంచే పిడి) పట్టే మనిషి మారడంతో కెమెరా బెత్తెడు పైకి జరిగింది. ఇవేవీ స్పాట్‌లో నేను పట్టుకోలేదు.

సినిమా రంగులు సరిచేసే స్టూడియోలో పెద్దాయన రెండుసార్లు చూసి, మా టీమ్ అందరి ముందూ, "ఒకే టేక్ అన్నావు కదా బాబూ, మధ్యలో అందరూ ఇంటికెళ్లి పడుకుని వచ్చినట్టుందే" అన్నారు. పక్కనున్న వేరే సినిమావాళ్లూ నవ్వారు. తల ఎత్తలేకపోయాను. నాలుగు రాత్రులు ఎడిట్‌లోనే పొగ వేశాం, వేగం మార్చాం, నీడలు చెరిపాం. నేల మీది గులకరాళ్ల నీడలు మాత్రం పోలేదు.

ఇలాగే ఒకే టేక్‌లా కనిపించే యుద్ధం సినిమా '1917'కు కెమెరా పనిచేసిన రోజర్ డీకిన్స్ మబ్బు పట్టేదాకా ఆగేవారట. ఎండ కాస్తే యూనిట్ రిహార్సల్ చేసుకునేది. మబ్బు కింద నీడ తెలియదు కాబట్టి ఏ పూట తీసినా అతుకుతుంది. అంత పెద్ద సినిమా ఆకాశం కోసం ఆగింది. నేను ఒక్కరోజు కెమెరా అద్దె కోసం తొందరపడ్డాను.

పదిహేను రోజులకు మళ్లీ క్వారీకి వెళ్లాం, సరిగ్గా నాలుగింటికి. పాత టేక్ చివరి ఫ్రేమ్‌ను మానిటర్ మీద పలచగా పెట్టి, బెల్టు మీద బెల్టు, భుజం మీద భుజం కలిసేదాకా జరిపాం. మొదటి రోజు ఫోటో చూస్తూ చొక్కా మీద నీళ్లు కొట్టి, చెమట మరక ఆకారం కూడా దిద్దాం. పదకొండోసారికి అతికింది! నాలుగో అతుకు చీకటి బంకర్ గుమ్మంలో ఉంది కాబట్టి ఆ తర్వాతి టేక్ మళ్లీ తీయక్కర్లేకపోయింది.

ఇక సౌండ్ మిగిలింది. మొదటి రోజు గాలి హోరు ఉంది, మొన్న లేదు. అందుకే అతుకు దగ్గర ఆ తేడా కప్పడానికి ఈసారి ఖాళీ క్వారీ చప్పుడు పది నిమిషాలు విడిగా రికార్డు చేసుకొచ్చాను.