చేతులు కట్టుకుని నిలబడటం

"పిత్తాశయంలోకి వెళ్లేవి ఎన్ని కనిపిస్తున్నాయి?" అని అడిగారు మా మేడమ్. సర్జన్ శిక్షణలో నాది మూడో ఏడాది. లాప్రోస్కోపీలో, అంటే చిన్న రంధ్రాల గుండా తెర మీద చూస్తూ చేసే ఆపరేషన్‌లో, పిత్తాశయం తీసేయడానికి క్లిప్పు వేయబోతున్నాను. "రెండు మేడమ్, వాహిక, ధమని" అన్నాను ధీమాగా.

"వెనక వైపు తిప్పి చూసి చెప్పు."

తిప్పాను. నేను పిత్తాశయ వాహిక అనుకున్నది కాలేయం వైపు సాగిపోతోంది. కాలేయం నుంచి పేగుకు పిత్తరసం మోసే ప్రధాన పిత్తనాళం! కత్తెర పడి ఉంటే ఆ మనిషి ఏళ్ల తరబడి ఆస్పత్రుల చుట్టూ తిరగాల్సి వచ్చేది. ఏదైనా కోసే ముందు చూసుకోవాల్సినవంటూ 1995లో సర్జన్ స్ట్రాస్‌బర్గ్ బృందం చెప్పిన సూత్రం నాకు కంఠతా వచ్చు: వాహికకూ కాలేయానికీ మధ్య ఉండే త్రిభుజంలో కొవ్వంతా తొలగాలి, పిత్తాశయం కింది భాగం కాలేయం నుంచి విడిపోవాలి, లోపలికి వెళ్లేవి రెండే రెండు కనిపించాలి. పరీక్షలో రాశాను కూడా. తెర మీద మాత్రం చూడాలనుకున్నదే చూశాను.

అంత ప్రమాదం కళ్లెదుట ఉన్నా మేడమ్ నా చేతిలోని పరికరం లాక్కోలేదు. గ్లౌజు చేతులు ఛాతీ దగ్గర కట్టుకుని అలాగే నిలబడ్డారు.

నేను సీనియర్‌నయ్యాక లాక్కునేవాణ్ణి. పది నిమిషాల పని అరగంట సాగుతుంటే చేతులు ఊరుకోవు. "ఇలా ఇవ్వు" అనేవాణ్ణి. రోగి మంచికే అని నాకు నేను చెప్పుకునేవాణ్ణి, అందులో సగమే నిజం. శిక్షణ ముగించుకుని వెళ్లిపోతూ ఒకమ్మాయి అంది: "మీ దగ్గర చాలా చూశాను సార్. మొదలుపెట్టి ముగించినది ఒక్కటీ లేదు." ఒకటి చూడు, ఒకటి చెయ్యి, ఒకటి నేర్పు అని మా వృత్తిలో పాత మాట. నేను మధ్యది మింగేశాను.

అప్పటి నుంచి, చేతులు కడుక్కునేటప్పుడే జూనియర్‌తో మాట్లాడుకుంటాను: ఏ భాగం నీది, ఏం జరిగితే నేను అందుకుంటాను. ఈ చిన్న ఒప్పందంతో థియేటర్‌లో చిరాకు సగం తగ్గింది.

విభాగాధిపతినయ్యాక మరో పాఠం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన 19 అంశాల ఆపరేషన్ భద్రతా జాబితాను మేమూ చదివేవాళ్లం, మొక్కుబడిగా. ఒక హెర్నియా కేసులో కొత్త నర్సు గొంతు వణుకుతుండగా, "సార్, కాగితంలో ఎడమ అని ఉంది" అంది. కత్తి నా చేతిలో ఉంది, నేను కుడి వైపు నిలబడ్డాను. ఏ వైపు కోయాలో చెప్పే గుర్తు గుడ్డ కింద దాగిపోయింది. ఆమె కంటే ముందు చూసినవాళ్లు ఇద్దరున్నారని తర్వాత తెలిసింది. నాకు భయపడి నోరు విప్పలేదట. అది విన్న రాత్రి నిద్ర పట్టలేదు.

ఇప్పుడు జాబితా చదివేటప్పుడు అందరికంటే చివర నేను మాట్లాడతాను.

మొన్న ఒక జూనియర్ వాచిపోయిన పిత్తాశయం దగ్గర ఆగాడు. "స్పష్టంగా లేదు సార్, నాళం జోలికి వెళ్లను. కొంత భాగం వదిలేసి బయటికొస్తాను" అన్నాడు. నేనైతే ఇంకాసేపు ప్రయత్నించేవాణ్ణేమో. చేతులు ఛాతీ దగ్గర కట్టుకుని, సరే అన్నాను.