అణకువ గల పిల్ల అని రాయలేకపోయాను

పోయిన ఆదివారం మలక్‌పేటలో చిన్నమ్మ వాళ్లింట్లో కూర్చుని, చెల్లి పెళ్లి బయోడేటా తెలుగులో టైప్ చేస్తున్నాను. ఎత్తు, నక్షత్రం, ఉద్యోగం అన్నీ అయ్యాక చిన్నమ్మ పక్కన చేరి "అణకువ గల పిల్ల అని పెట్టు బిడ్డా, గది లేకుంటే ఎట్ల?" అంది. "అణ" దాకా కొట్టి ఆగిపోయాను.

చెడ్డ మాటేం కాదు. కానీ దాని చుట్టాలెవరో చూడండి: అణగడం, అణచడం, అణగదొక్కడం, అణగారిన వర్గాలు. అన్నీ ఒకే ఇంటి మాటలు. పైనుంచి నొక్కే చెయ్యి ఒకటి ఉంటేనే కదా అణగడం! చిన్నమ్మకు వచ్చిన అబ్బాయిల బయోడేటాలు ఓ పది చూశాను, ఒక్కదాంట్లోనూ అణకువ లేదు. వాళ్లకు వినయం ఉంటుంది, చెడు అలవాట్లు ఉండవు, అంతే.

వినయం పుట్టుక వేరు. సంస్కృతంలో 'నీ' ధాతువుకు నడిపించడం అని అర్థం, నాయకుడు, నేత కూడా అక్కణ్ణుంచి వచ్చినవే. వినయమంటే మొదట శిక్షణ, క్రమశిక్షణ. బౌద్ధ భిక్షువుల నియమాలున్న గ్రంథాన్ని వినయ పిటకం అనేది అందుకే. అంటే అది నేర్చుకుంటే వచ్చేది. నమ్రత అంటే వంగడం, నమస్కారంలో ఉన్న నమ్ అదే, కాకపోతే అక్కడ మనిషి తనకు తానే వంగుతాడు.

వీటన్నిటితో మనం కలిపేసేది మొహమాటాన్ని. చెల్లికి అదే ఎక్కువ. పాత ఆఫీసులో రెండేళ్లపాటు పక్కవాళ్ల పని కూడా నెత్తినేసుకుంది, కాదని చెప్పలేక. అందరూ "ఎంత అణకువో" అని మెచ్చుకున్నారు, అది మాత్రం రాత్రి పదకొండింటికి నాకు ఫోన్ చేసి ఏడ్చేది. నోరు తెరవలేకపోవడానికి మంచి పేరు పెట్టి మెచ్చుకుంటే ఆ పిల్ల ఇంక ఎప్పటికి తెరుస్తుంది?

చిన్నమ్మ వాళ్ల కింది పోర్షన్‌లో ఒక పెద్దాయన ఉంటారు. ఉర్దూ మాట్లాడతారు. తన ఇల్లు గరీబ్‌ఖానా, అంటే పేదిల్లు, ఎదుటివాళ్లది చిన్న రేకుల ఇల్లయినా దౌలత్‌ఖానా, అంటే సంపదల ఇల్లు. తనను ఖాక్సార్ అని చెప్పుకుంటారు, ఖాక్ అంటే మట్టి. (ఇంగ్లీషు వాళ్ల హంబుల్ కూడా లాటిన్‌లో నేల అనే మాట నుంచే వచ్చింది, అవమానానికి వాళ్లు వాడే హ్యూమిలియేషన్ కూడా.) ఖాక్సార్ అని చెప్పుకునేటప్పుడు ఆయన గొంతు తగ్గదు, నడుము నిటారుగానే ఉంటుంది, చాయ్ కప్పు మాత్రం రెండు చేతులతో అందిస్తారు. తనంతట తాను మట్టినని చెప్పుకోవడం మర్యాద, అదే మాట ఇంకొకరు ఆయన్ని అంటే నేను ఊరుకోను.

ఇదంతా చెబితే చిన్నమ్మ, "అన్నీ ఉన్న విస్తరి అణిగిమణిగి ఉంటది అంటరు కద" అంది. నిజమే, నాకూ ఇష్టమైన సామెత. కానీ విస్తరి ఎగరకుండా ఉండేది దానిలో ఉన్న అన్నం బరువుకు, ఎవరో చెయ్యి పెట్టి నొక్కినందుకు కాదు. చిన్నమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు.

వంటింట్లోంచి చెల్లి అంది, "ఒద్దికగా ఉంటుంది అని రాయక్కా."

ఎంత మంచి మాట! అణకువ ఒక్కరికే ఉన్నా సరిపోతుందేమో, ఇద్దరు ఒకరికొకరు చోటిస్తేనే ఒద్దిక. వెంటనే టైప్ చేశాను. చిన్నమ్మ కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది.

"మంచిగనే ఉంది," అంది. "మరి అవతలోళ్లకు గూడ ఒద్దిక ఉందో లేదో అడగాలె."